నాన్న పేరున దుకాణం

ఆ ఏడు మా ఊళ్ళో మంచు అక్టోబరు సగంలోనే పడింది. పడిన మూడో రోజున మిల్లు ఆగిపోయింది. గనిలోంచి వచ్చిన రాళ్ళను పిండి చేసే మిల్లు అది. పుట్టినప్పటి నుంచీ దాని మోతలోనే పెరిగినదాన్ని కాబట్టి, ఆ పొద్దున లేవగానే నా చెవులకేదో అయిందనుకున్నాను. అమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"ఏమన్నా వినపడుతోందా?" అంది.

"లేదు."

"అదే," అంది అమ్మ.

నూట నలభై మందిని తీసేశారు. మా నాన్న కెన్జెబెక్ అందులో ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళు ఆ మిల్లు బెల్టుల దగ్గర పనిచేశాడు. పని పోయినవాళ్ళకి ప్రభుత్వం కొన్నాళ్ళు భృతి ఇస్తుందని మిల్లువాళ్ళే చెప్పి, చేతికి కాగితాలిచ్చి పంపారు. ఫోన్లు, కంప్యూటర్లు నాన్నకి పడవు కాబట్టి ఉపాధి కేంద్రానికి నన్ను వెంట తీసుకువెళ్ళాడు.

లోపల వరస మెట్ల దాకా ఉంది. అందరూ మిల్లువాళ్ళే. షిఫ్టు మారేటప్పుడు గేటు దగ్గర నిలబడ్డట్టే నిలబడ్డారు, జోకులు కూడా అవే. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. బల్ల వెనకాల ఉన్న అమ్మాయి నాకంటే రెండేళ్ళు పెద్దదై ఉంటుంది. నాన్న కార్డు చూసి, తెర చూసి, మళ్ళీ కార్డు చూసింది.

"బాబాయ్ గారూ, మీకు పని లేదని నేనెలా రాసుకోను? మీరు వ్యాపారి కదా."

ఎవరితో అంటోందోనని నాన్న వెనక్కి తిరిగి చూశాడు.

"మీతోనే. జిల్లా కేంద్రంలో మీ పేరున కిరాణా దుకాణం ఉంది. మూడేళ్ళ నుంచీ."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే మా పక్కింటి రఫ్‌కత్ గొంతు లేచింది. నాన్నతో ఒకే షిఫ్టులో ఇరవై ఏళ్ళు చేసిన తాతారు జాతి మనిషి, నోరు ఊరుకోదు. "ఓరి కెన్జే! షావుకారువై ఉండి మా పక్కన నిలబడి బెల్టులు తుడిచావా ఇన్నాళ్ళూ? ఒక్క సిగరెట్టు పెట్టైనా అప్పివ్వలేదు కదరా!"

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వబోయాడు. మీసం ఒక పక్కకి లేచి, అక్కడే ఆగిపోయింది.

ఆ అమ్మాయి నవ్వలేదు. నెమ్మదిగా చెప్పింది. దుకాణం మూసినట్టు రాయించుకుంటే ఆ మర్నాడే అర్జీ తీసుకుంటుంది. దానికి ఎక్కడికీ తిరగక్కర్లేదు, ఫోన్లోనే పది నిమిషాల పని. జీతంలో సగానికి కాస్త తక్కువ, ఆరు నెలల పాటు వస్తుంది. "కానీ డిసెంబరు ఆఖరు దాటనివ్వకండి బాబాయ్ గారూ. దాటితే ఈ మిల్లు కాగితాలు పనికిరావు."

ఆ దుకాణం మాది కాదు. మా అక్క అక్మరాల్ మామగారిది.

అక్క పెళ్ళైన ఏడాదే ఒరిన్‌బాయ్ మామయ్య మా ఇంటికి వచ్చి, భోజనాల దగ్గర నాన్న చెయ్యి పట్టుకుని అడిగాడు. ఆయన పేరు, బావ దిదార్ పేరు బ్యాంకు వాళ్ళ జాబితాలో ఉన్నాయి. పాత ట్రాక్టరు బాకీ. వాళ్ళ పేర్ల మీద ఏదీ తెరవనివ్వరు. "బావగారూ, మీ పేరు ఒక్కటివ్వండి, పని మేం చేసుకుంటాం" అన్నాడు. మాలో వియ్యంకుడు నోరు తెరిచి అడిగితే కాదనడం ఉండదు. నాన్న కాదనలేదు. పైగా మామయ్య దుకాణం మీద 'కెన్జెబెక్' అని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించాడు. నాన్న ఆ బోర్డు కింద నిలబడి ఫోటో తీయించుకుని మిల్లులో అందరికీ చూపించాడు కూడా. రఫ్‌కత్‌కి ఆ సంగతి మాత్రం ఎందుకో గుర్తు రాలేదు ఆ రోజు.

ఆ సాయంత్రం అమ్మ పిండి పిసుకుతూ అడిగింది. "ఫోన్ చేశావా?"

"ఎవరికి?"

"వియ్యంకుడికి. ఇంకెవరికి?"

"ఏమని చెయ్యను? మీ కోడలి తండ్రికి కూడు లేదు, మీరు దుకాణం మూసుకోండి అని చెప్పనా?"

"అలా ఎందుకు చెప్తావు? ఉన్నదున్నట్టు చెప్పు. పని పోయింది అని చెప్పు."

"పిల్ల ఆ ఇంట్లో ఉంది రౌషన్," అన్నాడు నాన్న. "రేపట్నుంచి టీ పోసినా, గిన్నె కడిగినా, నీ నాన్న వల్లే కదా అనే మాట పడుతుంది. ఆ ఇంటావిడ సంగతి నీకు తెలీదా?"

అమ్మకి తెలుసు. అక్క అత్తగారు జైనెప్ అత్తయ్య మాట మెత్తగానే ఉంటుంది, ముల్లులా దిగాక తెలుస్తుంది.

నేను ఫోన్ తెచ్చి బల్ల మీద పెట్టాను. దుకాణం మూసే అర్జీ అంతా నింపేశాను, ఇక నాన్న ముఖం కెమెరాకి చూపిస్తే చాలు. "నాన్నా, ఒక్కసారి ఇటు చూడు" అన్నాను. నాన్న చూడలేదు. లేచి, కోటు తొడుక్కుని, మా మెట్లన్నీ ఊడ్చేందుకు పోయాడు. ఆ చలికాలమంతా మా నాలుగంతస్తుల మెట్ల మీద, వాకిట్లో ఒక్క రేణువు మంచు లేకుండా ఊడ్చింది నాన్నే. ఎవరూ అడగలేదు.

నవంబరు అలా గడిచింది. అమ్మ పిల్లల బడి వంటింట్లో చేసేది, ఆ జీతమే ఇల్లు నడిపింది. నేను పట్నంలో నర్సు చదువుకి కట్టాల్సిన వాయిదా కట్టలేదు. సెలవు పెట్టానని చెప్పాను, అంతే. ఎవరూ నన్ను ఇంకేం అడగలేదు. అది నాకు మంచిదే అనిపించింది. రఫ్‌కత్‌కి మొదటి భృతి వచ్చిన రోజు మెట్ల మీద ఎదురుపడి, "షావుకారు గారూ, పక్కకి జరగండి, బీదవాణ్ణి బజారుకి పోవాలి" అన్నాడు. నాన్న చీపురు పక్కకి తీసి దారిచ్చాడు. రఫ్‌కత్ రెండు మెట్లు దిగి ఆగాడు. "ఏరా, నిజంగా ఇంకా మూయలేదా?" అన్నాడు, ఈసారి వేళాకోళం లేకుండా. నాన్న ఊడుస్తూనే ఉన్నాడు.

వియ్యంకులకి మాత్రం నాన్న ఫోన్లో చెప్పేశాడు: మిల్లులో సగం మందిని ఉంచారు, తను ఆ సగంలో ఉన్నానని. ఆ మాట అంటున్నప్పుడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఫోన్ పెట్టేశాక మా ఇద్దరితోనూ అన్నాడు: "అక్మరాల్‌కి కూడా చెప్పకండి. విన్నారా? సాయా, నీకే చెప్తున్నా." నేను మాట తక్కువదాన్ని. నాకెందుకు విడిగా చెప్పాడో తెలీలేదు.

డిసెంబరులో, చలి బాగా గట్టిపడ్డాక, చలికాలానికి సరిపడా గుర్రాన్ని కోసుకుని, మొదటి మాంసం వియ్యాలవారిని పిలిచి పెట్టడం మాలో ఆనవాయితీ. డిసెంబరు ఇరవైన ఒరిన్‌బాయ్ మామయ్య పిలుపు వచ్చింది. నలభై కిలోమీటర్ల దూరం. రాత్రికి అక్కడే పడుకుని మర్నాడు రావాలని పిలిచారు. బస్సులో అమ్మ నాన్న చెవిలో చెప్తూనే ఉంది: "ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. ఈ రోజు చెప్పకపోతే ఇక చెప్పవు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా."

"నేనే చెప్తా," అన్నాడు నాన్న.

"ఎప్పుడు?"

"తిన్నాక."

ఇంట్లోకి వెళ్ళగానే కౌగిలింతలు, చేతులు కలుపుకోవడాలు. అక్క నాన్న రెండు చేతులూ పట్టుకుని కాస్త ఎక్కువసేపు వదల్లేదు. పలకరింపులయ్యాక నేను వంటింట్లోకి వెళ్ళి అక్కకి సాయం పట్టాను. అక్క ఉల్లిపాయలు తరుగుతోంది. జిల్లా కార్యాలయంలో పాత కాగితాలు చూసే విభాగంలో ఉద్యోగం అక్కది. మా రెండు వైపులా ప్రభుత్వ కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి. ఇంట్లో కూడా తెల్ల చొక్కా మీదే ఏప్రన్ కట్టుకుని ఉంది.

"సాయా, నాన్న చేతులు చూశావా?" అంది తల ఎత్తకుండా.

"ఏమైంది?"

"తెల్లగా ఉన్నాయి. నా చిన్నప్పటి నుంచీ ఆ వేళ్ళ గీతల్లో నల్లటి పొడి ఉండేది. ఎంత తోమినా పోయేది కాదు." కత్తి ఆగింది. "మిల్లులో లేడు కదూ?"

లేడు అని నేను అనాల్సింది కాదు. ఏమీ అనకుండా ఉండటం నాకు బాగా చేతనైన పని. అయినా చెప్పేశాను. అక్టోబరు సంగతి, దుకాణం సంగతి, ఏడాది చివర గడువు సంగతి, నా చదువు సంగతి కూడా. అక్క వింటూ మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. అంతా అయ్యాక, "ఉల్లిపాయలు బాగా ఘాటుగా ఉన్నాయి ఈ ఏడు" అని మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

తినడం నిదానంగా సాగింది. పెద్ద పళ్ళెం నిండా పల్చటి పిండి రేకులు, వాటి మీద మాంసం, పైన ఉల్లిపాయల పులుసు. వియ్యంకుడికి వేయాల్సిన తుంటి ఎముక ముక్క మామయ్య తన చేత్తో తీసి నాన్న ముందు పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట ఇప్పటికీ అంటాను. నాన్నని చూస్తే ఆయన ముఖం నిజంగానే వెలిగేది.

"మా బావగారి పేరు బలం అది! మూడేళ్ళలో ఒక్క రోజు నష్టం లేదు," అన్నాడు మామయ్య. "మిల్లులో సగం మంది ఇళ్ళకి పోయారట కదా పాపం. మిమ్మల్ని పోనిస్తారా వాళ్ళు?"

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న ఎముక మీద మాంసం సన్నగా కోస్తున్నాడు.

"పనికేం, సాగుతోంది," అన్నాడు.

అమ్మ నోరు తెరిచింది. నాన్న ఆమె కంచంలో ఒక ముక్క వేశాడు. "తిను, రౌషన్."

టీ మొదలైంది. టీ నీళ్ళు కాగే సమోవర్ దగ్గర అక్క కూర్చుంది, కోడలు కూర్చోవాల్సిన చోట. మా ఇళ్ళలో టీ కప్పు అడుగున కొంచెంగా పోస్తారు. కొంచెం పోస్తే మళ్ళీ మళ్ళీ పోయించుకోవచ్చు, ఇంకాసేపు కూర్చోండని అర్థం. అక్క అలాగే పోసి అందిస్తోంది. పక్క గదిలో మా కోసం పరుపులు పరిచి ఉన్నాయి.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "బావగారూ, ఇంకో మాట. బస్టాండు దగ్గర ఒక గది ఖాళీ అయింది. రెండో దుకాణానికి బంగారం లాంటి చోటు. సరుకు కోసం చిన్న అప్పు తీయాలి. మీ సంతకం ఒక్కటి చాలు. రేపు పొద్దున్నే బ్యాంకుకి వెళ్ళొచ్చేద్దాం. మిల్లు జీతం ఉన్న మనిషి కదా, మీరడిగితే కళ్ళు మూసుకుని ఇస్తారు."

"అవునన్నయ్య గారూ," అంది జైనెప్ అత్తయ్య, "మన పిల్లల కోసమే కదా అంతా."

నాన్న చాకు కింద పెట్టాడు. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. సమోవర్ దగ్గర కూర్చున్న కూతురి తలమీద కోడళ్ళు కట్టుకునే రుమాలు చూశాడు. చూసి, మామయ్య వైపు తిరిగి, "మీరింతగా అడిగాక నేను..." అని మొదలుపెట్టాడు.

ఆ మాట పూర్తి కాలేదు. అక్క చెయ్యి చాచి నాన్న ముందు కప్పు పెట్టింది. అంచుల దాకా నిండుగా ఉంది.

అందరూ చూశారు. నిండు కప్పు ఇవ్వడమంటే, తాగి ఇక లేవండి అనడమే. పరాయివాళ్ళకి కూడా అలా ఇవ్వరు, విసుగొస్తే తప్ప.

జైనెప్ అత్తయ్య నవ్వింది. "ఏమ్మా కోడలా, చెయ్యి జారిందా?"

"లేదత్తయ్యా, జారలేదు," అంది అక్క. గొంతు మామూలుగానే ఉంది. "నాన్నకి ఇల్లు దూరం. చివరి బస్సు అయిదింటికి."

బావ దిదార్ తల వంచుకున్నాడు. మామయ్య కోడలి వైపు చూసి, నాన్న వైపు చూసి, ఏదో అర్థం కాబోతున్నట్టు కనుబొమలు ముడిచాడు. నాన్న ఆ కప్పుని రెండు చేతులతో ఎత్తాడు. చాలా వేడిగా ఉండి ఉంటుంది. కింద పెట్టకుండా మొత్తం తాగాడు. ఖాళీ కప్పు బల్ల మీద పెట్టి, అరచేతులు తెరిచి, ఆ ఇల్లు చల్లగా ఉండాలని దీవించి, ముఖం తుడుచుకుని లేచాడు.

బస్సులో అమ్మ ఏడ్చింది. "కన్నతండ్రిని! అందరి ముందూ! ఇంత చేసి పెంచినందుకు!" అంటూనే ఉంది. నాన్న కిటికీ అద్దం మీద మంచు గోటితో గీకుతున్నాడు. మా ఊరి దీపాలు కనిపించాక అన్నాడు: "సాయా, దానికెవరు చెప్పారు?"

"నేనే."

తల ఊపాడు. తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ తిట్టలేదు.

నాలుగు రోజులకి బావ ఒక్కడే వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు, అమ్మ ఎంత రమ్మన్నా బూట్లు విప్పలేదు. అక్క ఆ రాత్రే వాళ్ళకి అంతా చెప్పిందట. మామయ్య రెండు రోజులు మాట్లాడలేదట. "మా నాన్న అన్నాడు మావయ్యా, అడిగి ఉంటే మూసేసేవాణ్ణి కదా, నన్ను ఇంత తక్కువవాణ్ణి చేస్తారా అని," అన్నాడు బావ. "మా అమ్మేమో, నిండు కప్పు సంగతి ఊరంతా చెప్పింది. మీరు మూసేసుకోండి. మా వైపు పని అయిపోయింది."

"అయిపోయిందంటే? ఎవరి పేరున పెట్టారు?" అంది అమ్మ.

బావ టోపీ చేతుల్లో తిప్పాడు. "ఇంకెవరి పేరున్నది అత్తయ్యా ఇంట్లో? మా అమ్మని అడిగితే గుండెల్లో నొప్పి అంది. అక్మరాల్ పేరున."

"దానికి ప్రభుత్వ ఉద్యోగం కదా. దాని పేరున ఎలా పెడతారు?"

"నిన్న మానేసింది," అన్నాడు బావ.

బావ వెళ్ళిపోయాక, కాసేపటికి నాన్న గదిలోంచి పిలిచాడు. "సాయా. ఫోన్ తే."

తెచ్చాను. నాన్న కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు, పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు. తెర మీద గుండ్రటి గీత వచ్చింది, ముఖం అందులో ఉంచమంది. కుడికి తిప్పమంది, తిప్పాడు. ఎడమకి తిప్పమంది. కళ్ళు ఒకసారి మూసి తెరవమంది. మూశాడు. ఎంతసేపటికీ తెరవలేదు.

"నాన్నా, తెరవాలి," అన్నాను.

తెరిచాడు. పచ్చగా టిక్కు పడింది. పది నిమిషాలు కూడా పట్టలేదు.

మొదటి భృతి జనవరి ఆఖరులో వచ్చింది. ఫోన్ మోగితే నేనే చదివి చెప్పాను. నాన్న విని, "నీ చదువు వాయిదా ముందు కట్టు" అన్నాడు. మర్నాడు పొద్దున కోటు వేసుకుంటూ, "పద, అక్కని చూసొద్దాం" అన్నాడు. బజార్లో అరకిలో పొద్దుతిరుగుడు హల్వా కొన్నాడు. వియ్యంకుల దగ్గర్నుంచి ఆ రోజు తర్వాత పిలుపు లేదు. పిలవని ఇంటికి వియ్యంకుడు వెళ్ళడు. అందుకని దుకాణానికి ఎదురుగా, వీధికి అవతల, కరెంటు స్తంభం దగ్గర ఆగి పొట్లం నా చేతికిచ్చాడు. "నువ్వెళ్ళు."

అక్క గల్లా వెనకాల బంగాళాదుంపల బస్తా విప్పుతోంది. గోళ్ళ నిండా మట్టి. నన్ను చూసి నవ్వింది, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని హల్వా తీసుకుంది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఎన్నాళ్ళిస్తారు?"

"ఆరు నెలలు."

"ఆరు నెలలు," అంది అక్క. ఎవరో ముసలాయన రెండు రొట్టెలు అడిగితే ఇచ్చింది. లోపలి గదిలోంచి జైనెప్ అత్తయ్య, "కోడలా, ఎవరితో ఆ ముచ్చట్లు?" అని కేకేసింది. "కొనడానికి వచ్చారత్తయ్యా," అంది అక్క. తర్వాత గొంతు తగ్గించి, "నాన్న ఏడి?" అని అడిగింది.

నేను కిటికీ వైపు చూపించాను. అక్క గల్లా మీద నుంచి వంగి చూసింది. సున్నాకి ముప్పై డిగ్రీలు కిందికి పోయిన చలి ఆ రోజు. నాన్న స్తంభం పక్కన ఉత్త తలతో నిలబడి ఉన్నాడు. జుట్టు మీద మంచు పేరుకుంది.

"టోపీ లేదా? తల మీద ఏమీ లేకుండా అలా నిలబడ్డాడేంటి? వెళ్ళి పెట్టుకోమను."

వీధి దాటి వెళ్ళి చెప్పాను. "అక్క టోపీ పెట్టుకోమంది."

నాన్న కోటు లోపలి జేబులోంచి టోపీ తీశాడు. పొద్దున అమ్మ ఇచ్చినప్పటి నుంచీ అది జేబులోనే ఉంది. తల మీద మంచు దులుపుకుని, రెండు చేతులతో చెవుల కిందికి లాక్కుని పెట్టుకున్నాడు. కిటికీ వైపు తిరిగాడు. అద్దం వెనకాల అక్క అప్పటికే ఇంకెవరికో ఏదో తూచి ఇస్తోంది.

బస్సుకి ఇంకా నలభై నిమిషాలు ఉంది. స్టాండులో పొయ్యి ఉంటుంది, వెళ్ళి కూర్చుందాం అన్నాను. "నువ్వెళ్ళమ్మా," అన్నాడు నాన్న, అక్కడి నుంచి కదలకుండా.